దారిన పోయేవాళ్ల తెర

ఐర్లండ్ రాజధాని డబ్లిన్ నడిబొడ్డున, ఓకానెల్ వీధిలో నార్త్ ఎర్ల్ వీధి కలిసే మూల మీద, 2024 మే 8న ఒక పెద్ద గుండ్రటి తెర వెలిగింది. చూడడానికి నిలువుగా నిలబెట్టిన తిరగలి రాయిలా ఉంటుంది. బరువు మూడున్నర టన్నులు. అందులో సినిమా రాదు, సబ్బు ప్రకటన రాదు. అట్లాంటిక్ మహాసముద్రానికి అవతలి ఒడ్డున, న్యూయార్క్‌లోని ఫ్లాటిరాన్ భవనం పక్క ఖాళీ స్థలంలో ఆ క్షణాన తిరుగుతున్న జనం కనిపించేవారు. అప్పట్లో అక్కడా ఇలాంటి తెరే ఉండేది. అక్కడి కెమెరా ఆ వీధిని ఇక్కడికి, ఇక్కడి కెమెరా ఈ వీధిని అక్కడికి పంపేవి. బొమ్మ ఒక్కటే వచ్చేది, మాట వినబడేది కాదు. మొదట్లో రాత్రీ పగలూ ఆగకుండా నడిచేది. పేరు పోర్టల్. సృష్టికర్త లిథువేనియాకు చెందిన బెనెడిక్టస్ గిలిస్. 2021 మే నెలలోనే ఆయన విల్నియస్ రైల్వే స్టేషన్ దగ్గర ఒకటి, పోలండ్‌లోని లుబ్లిన్ నగరంలో ఒకటి నిలబెట్టి, ఆ రెండు ఊళ్లను ఇలాగే ఎదురెదురుగా నిలిపారు.

మాట వినబడని చోట మనిషికి మిగిలేది చెయ్యి. తెర ముందుకు వచ్చినవాళ్లు మొదట చెయ్యి ఊపారు. అవతలివాళ్లు తిరిగి ఊపగానే ముఖాలు విచ్చుకున్నాయి. రెండు చేతులు కలిపి గుండె ఆకారం పట్టారు. కొందరు చిందులు వేశారు, అవతలివాళ్లు వాటిని అనుకరించారు. పిల్లల్ని భుజాల మీదికి ఎత్తి చూపించారు, పెంపుడు కుక్కల్ని ఎత్తి చూపించారు. బంధువులు ముందుగా ఫోన్లో సమయం అనుకుని రెండు చోట్లా వచ్చి నిలబడ్డారు. జేబులో ఉన్న ఫోనుతో ఎప్పుడు కావాలంటే అప్పుడు ముఖం చూసుకోగల కాలంలో, మాట కూడా వినిపించని ఒక తెర కోసం పని మానుకుని రావడం వింతే. కానీ ఫోన్లో కనిపించేది మనకు తెలిసిన మనిషి. ఇక్కడ కనిపించింది మనకు ఏమీ కాని మనిషి. ఆ ఏమీ కాని మనిషి మన వైపు చూసి నవ్వడంలో ఉన్న సంతోషం వేరు.

వారం తిరగకముందే ప్రపంచానికి పోర్టల్ మరో రకంగా పరిచయమైంది. డబ్లిన్ వైపు నుంచి ఒకరు 2001 సెప్టెంబరు 11 ఉగ్రవాద దాడిలో మండుతున్న న్యూయార్క్ జంట భవనాల బొమ్మను ఫోన్లో పెట్టి న్యూయార్క్ వాళ్లకు చూపించారు. న్యూయార్క్ వైపు ఒక యువతి ఛాతీ మీది బట్ట తొలగించింది. బూతు సైగలు, మత్తులో వేసిన వేషాలు, ద్వేషపు గుర్తులు వరుసగా వచ్చాయి. వాటి వీడియోలు లక్షల ఫోన్లకు పాకాయి. మే 14న తెరను ఆపేశారు. 19న మళ్లీ తెరిచినప్పుడు వేళలు కుదించారు. డబ్లిన్‌లో ఉదయం 11 నుంచి రాత్రి 9 వరకు, అంటే న్యూయార్క్‌లో ఉదయం 6 నుంచి సాయంత్రం 4 వరకు. ఎవరైనా తెర మీదికి ఎక్కి కెమెరాను కప్పేస్తే రెండు వైపులా బొమ్మ మసకబారిపోయే ఏర్పాటు కూడా చేశారు.

ఆ కొత్త వేళల్లోనే అసలు సంగతి కొంత తేలుతుంది. రెండు నగరాల మధ్య అయిదు గంటల తేడా. డబ్లిన్‌లో తాగినవాళ్లు వీధిలోకి వచ్చే అర్ధరాత్రి న్యూయార్క్‌లో సాయంత్రం ఏడు, పిల్లలతో తల్లిదండ్రులు షికారుకు వచ్చే వేళ. ఒక ఊరి రాత్రి మరో ఊరి సాయంత్రంలోకి నేరుగా తెరుచుకుంది. తమ ఊళ్లో ఏ వేళకు ఏ వీధిలో ఎలా ఉండాలో, ఎప్పుడు తప్పుకోవాలో ప్రతి నగరవాసికీ అలవాటుగా తెలుసు. పక్క ఊరి గడియారం తెలియదు. మర్యాద అనేది మనిషిలోనే కాక వేళలో కూడా ఉంటుందని ఆ తెర చూపించింది. దురుసు మనుషుల గురించి వచ్చినన్ని వార్తలు ఈ గడియారం గురించి రాలేదు.

మరో సంగతి ఇంకా ముఖ్యం. ఆ వేషాలు వేసినవాళ్లు న్యూయార్క్ వాళ్ల కోసమో, డబ్లిన్ వాళ్ల కోసమో వేయలేదు. తమ చుట్టూ లేచి ఉన్న ఫోన్ల కోసం వేశారు. తెర ముందున్న జనంలో చాలామంది చేతుల్లో ఫోన్లు ఉన్నాయి. ఆ ఫోన్లే అసలు ప్రేక్షకులు. వీధిలో ఒక సంఘటన జరిగితే దాన్ని ఎవరో చిత్రీకరించారని, తర్వాత అది వైరల్ అయిందని మనం చెప్పుకుంటాం. ఇప్పుడు వరుస తిరగబడింది. వైరల్ అవుతుందనే ఆశ ముందు పుడుతుంది, సంఘటన తర్వాత జరుగుతుంది. అలాంటప్పుడు వైరల్ వీడియోను నగర జీవితానికి అద్దం అనడం కుదరదు. అద్దం ముందుకు వచ్చినవాడు అద్దం కోసమే ముఖం మార్చుకుంటున్నాడు.

పోర్టల్ ముందు ఆ రోజుల్లో చెయ్యి ఊపి, నవ్వి, తమ దారిన తాము వెళ్లినవాళ్లు చాలా ఎక్కువ మంది. వాళ్ల వీడియోలు మన ఫోన్ల దాకా రాలేదు. ఎందుకు రాలేదన్నదే ఈ వ్యాసానికి విషయం.

1980 నాటి కంత

ఇలాంటి పని అంతకు చాలా ముందే జరిగింది. 1980 నవంబరులో కిట్ గాలవే, షెర్రీ రాబినోవిట్జ్ అనే ఇద్దరు కళాకారులు న్యూయార్క్‌లోని లింకన్ సెంటర్ దగ్గర ఒక తెర, లాస్ ఏంజిలస్‌లోని సెంచురీ సిటీలో ఒక పెద్ద దుకాణం కిటికీలో మరో తెర పెట్టి, ఉపగ్రహం ద్వారా కలిపారు. మనుషులు నిలువెత్తున, ఉన్న పరిమాణంలోనే కనిపించారు. మాట కూడా వినిపించింది. ముందస్తు ప్రకటన లేదు. అదేమిటో చెప్పే బోర్డు లేదు. చేసినవాళ్ల పేర్లూ లేవు. మూడు సాయంత్రాలు మాత్రమే నడిచింది. దానికి పెట్టిన పేరుకు తెలుగులో ఆకాశానికి పెట్టిన కంత అని చెప్పుకోవచ్చు.

మొదటి సాయంత్రం దారిన పోయేవాళ్లు ఆగి, ఎదురుగా ఉన్నది ఎవరో, ఏ ఊరో కనుక్కోవడంతో సరిపోయింది. రెండో సాయంత్రానికి నోటి మాటగా వార్త పాకి, స్నేహితులు స్నేహితుల్ని ఫోన్లో పిలిచి రప్పించుకున్నారు. మూడో సాయంత్రం కుటుంబాలు తరలివచ్చాయి. ఇరవై ఏళ్లుగా ఒకరినొకరు చూసుకోని బంధువులు కూడా వాళ్లలో ఉన్నారు. వైరల్ అనే మాట ఈ అర్థంలో ఇంకా పుట్టని రోజుల్లో వార్త పాకిన తీరు ఇది. నోటి నుంచి నోటికి వెళ్లిన ప్రతి కబురూ మనిషిని ఆ చోటికి నడిపించింది. ఇప్పటి వీడియో మనిషిని ఉన్న చోటే కూర్చోబెట్టి ఆ చోటును చేతిలో పెడుతుంది.

ఆ ఏర్పాటులో చాలామంది గమనించని ఒక చిన్న నిర్ణయం ఉంది. తెర ముందు నిలబడ్డ మనిషికి తన బొమ్మ తనకు కనబడే వీలు ఉంచలేదు. ఎదుటివాళ్లు కనిపిస్తారు, తాను కనబడడు. ఇప్పటి వీడియో కాల్‌లో మూల మీద మన ముఖం మనకు కనిపిస్తూనే ఉంటుంది, కన్ను దాని మీదికే పోతుంది. సెల్ఫీ కెమెరా మనకు నేర్పిన అలవాటు అది. తన బొమ్మ తనకు కనబడనప్పుడు మనిషి ఎదుటి మనిషిని చూస్తాడు, జుట్టు సవరించుకోడు. పోర్టల్ తెరలో కూడా తన బొమ్మ తనకు కనబడదు. కానీ చుట్టూ ఉన్న ఫోన్లు ఆ లోటు తీర్చేశాయి. 1980కీ 2024కీ మధ్య తెర పెద్దగా మారలేదు, తెర చుట్టూ నిలబడ్డ జనం చేతులు మారాయి.

వీధిలో తెర కట్టి అందులో ఆ ఊరి సంగతులు చూపించడం మనకు తెలియని విద్య కాదు. తోలుబొమ్మలాటలో తెల్లవార్లూ రామాయణమో భారతమో నడుస్తుంది. మధ్యలో కేతిగాడు, బంగారక్క వస్తారు. వాళ్ల చేతులకు గదలూ బాణాలూ ఉండవు. ఆ ఊరి ముచ్చట్లు, ఆ ఏటి పంటలు, మొగుడూ పెళ్లాల తగవులు, దొరల గొప్పలు వాళ్ల నోట వస్తాయి. ఎదురుగా చాపల మీద కూర్చున్నవాళ్లకు తమ నిత్యజీవితం అదే తెర మీద, అదే దీపం వెలుగులో, రాముడి పక్కనే కనబడుతుంది. నిత్యజీవితానికి తెర మీద చోటివ్వడం అంటే ఇదే. అది మహా సంఘటన అవ్వాల్సిన అవసరం లేదు, రాత్రంతా సాగే ఆటలో దానికీ కొంత సమయం ఉంటే చాలు.

తొలినాటి సినిమా కూడా అక్కడి నుంచే మొదలైంది. 1895లో లూమియేర్ సోదరులు లియాన్ నగరంలో తమ కార్ఖానా గేటు ఎదుట కెమెరా పెట్టి, పని ముగించుకుని బయటికి వస్తున్న కూలీలను చిత్రించారు. ఒక్కో ముక్క యాభై సెకన్ల లోపే, అంతకు మించి ఫిలిం చుట్ట పట్టేది కాదు. ఇప్పటి రీల్ నిడివీ ఇంచుమించు అంతే. ఇరవయ్యో శతాబ్దపు మొదటి ఏళ్లలో ఉత్తర ఇంగ్లండ్‌లో మిచెల్, కెన్యన్ అనే ఇద్దరు పారిశ్రామిక పట్టణాల వీధుల్లో, మిల్లు గేట్ల దగ్గర జనాన్ని చిత్రించేవాళ్లు. ఆ చిత్రాలను జాతర గుడారాల్లో ఆ ఊరి జనానికే చూపించేవారు. టికెట్ కొన్నవాళ్లు వచ్చింది కథ కోసం కాదు, తమను తాము తెర మీద చూసుకోవడానికి. ఆ ఫిలిం చుట్టలు 1994లో బ్లాక్‌బర్న్ పట్టణంలో ఒక దుకాణం నేలమాళిగలో పీపాల్లో దొరికాయి. వాటిలో కెమెరా వైపు చూసి టోపీ ఎత్తిన పిల్లలు, సిగ్గుపడి ముఖం తిప్పుకున్న అమ్మాయిలు ఉన్నారు. నిత్యజీవితం అంటే ఇదీ అని చూపించడానికి ఇంతకంటే మంచి సాక్ష్యం దొరకడం కష్టం.

ఫోను కన్ను

ఇక నగరాల్లో పెద్ద ఎల్‌ఈడీ తెరల మీద వచ్చే కళ గురించి. ఇందులో రెండు ఉదాహరణలు అందరికీ తెలిసినవే. 2020లో సియోల్‌లోని గంగ్నమ్ ప్రాంతంలో, ఎల్ ఆకారంలో మూల తిరిగిన ఒక భారీ తెర మీద డిస్ట్రిక్ట్ అనే సంస్థ సముద్రపు అలను చూపించింది. గాజు పెట్టెలో బంధించిన అల లేచి, గోడలకు కొట్టుకుని, వీధి మీద విరుచుకుపడబోతున్నట్టు ఉంటుంది. 2021 జులైలో టోక్యోలోని షింజుకు స్టేషన్ తూర్పు ద్వారం ఎదుట, వంపు తిరిగిన తెర మీద ఒక పెద్ద మూడు రంగుల పిల్లి ప్రత్యక్షమైంది. భవనం అంచు నుంచి తొంగి చూస్తుంది, ఆవలిస్తుంది, కింద నడిచేవాళ్లను చూసి మ్యావ్ అంటుంది.

వీటి వెనక ఉన్న కిటుకు చాలా పాతది. 1533లో హాన్స్ హోల్బైన్ గీసిన ఇద్దరు రాయబారుల చిత్రం అడుగున ఏదో సాగదీసిన మచ్చలాంటిది ఉంటుంది. పక్కకు జరిగి ఏటవాలుగా చూస్తే అది పుర్రె. ఒక్క చోటు నుంచి చూస్తేనే సరిగ్గా కుదిరేలా బొమ్మను కావాలని వంకరగా గీయడం ఆ విద్య. షింజుకు పిల్లి కూడా ఒక దిక్కు నుంచి చూస్తేనే నిజం పిల్లిలా ఉబ్బెత్తుగా ఉంటుంది. మరో వైపు నుంచి వచ్చేవాళ్లకు అది వంపు తెర మీద సాగిపోయిన బొమ్మ.

ఇక్కడొక విచిత్రం ఉంది. ఆ పిల్లి నేరుగా చూసినవాళ్లకంటే ఫోన్లో చూసినవాళ్లకే ఎక్కువ నిజంగా కనబడుతుంది. మనిషికి రెండు కళ్లున్నాయి, తల కదులుతూ ఉంటుంది, కాళ్లు నడుస్తూ ఉంటాయి. వీటన్నిటితో మెదడు అది చదునైన తెరేనని పసిగట్టేస్తుంది. కెమెరాకు ఒకటే కన్ను. సరైన చోట కదలకుండా నిలబెడితే మోసం పూర్తిగా పండుతుంది. అంటే ఆ కళాఖండానికి అసలు చోటు షింజుకు కూడలి అయినా, అసలు ప్రేక్షకుడు ఎక్కడో మచిలీపట్నంలో బస్సులో కూర్చుని ఫోను చూస్తున్న మనిషి కావచ్చు. వీధి దానికి చిత్రీకరణ స్థలం.

ఇందులో తప్పేమీ లేదు. ఊరికే చూసి ఆనందించే హక్కు అందరికీ ఉంది, ఆ పిల్లి చాలామంది ముఖాల్లో నవ్వు తెచ్చింది. కానీ ఆ వీడియోల్లో టోక్యో ఎక్కడా లేదు. పిల్లి కింద రోజూ ఆ స్టేషన్‌లోకి ఉరికే ఉద్యోగులు, గొడుగులు, లైను కట్టిన టాక్సీలు వీడియో అంచున కోతకు గురయ్యాయి. ఊరు మొత్తం ఒక తెర చుట్టూ ఉన్న చట్రంగా మిగిలింది. ఇలాంటి కళను నగరానికి అద్దం అనడంకంటే నగరానికి పెట్టిన ఆభరణం అనడం సరైన మాట.

వీడియోను ఎంతమందికి చూపించాలో నిర్ణయించే యంత్రాంగం కూడా ఇదే దిక్కుగా లాగుతుంది. మొదటి రెండు మూడు సెకన్లలో వేలు ఆగిందా, చివరి దాకా చూశారా, ఇంకొకరికి పంపారా అన్నవే దానికి లెక్క. ఆశ్చర్యం వేలిని ఆపుతుంది, కోపం పంపిస్తుంది. నిత్యజీవితానికి ఈ రెండూ తక్కువ. నిన్న జరిగింది ఇవాళ మళ్లీ జరగడమే కదా నిత్యం. మళ్లీ జరిగినదాన్ని ఎవరూ ఎవరికీ పంపరు. పోర్టల్ ముందు చెయ్యి ఊపి వెళ్లినవాళ్ల వీడియోలు మన దాకా రాకపోవడానికి కారణం ఇదే.

అయినా ఈ జల్లెడ దాటి వచ్చే నిత్యజీవితం కొంత ఉంది. గమనిస్తే అది దాదాపు ఎప్పుడూ చేతిపని. హైదరాబాద్‌లో రుమాలీ రొట్టె చేసే మనిషి వీడియో చూడండి. అరచేతిలో ముద్ద చప్పట అవుతుంది. ఒక చేతి నుంచి మరో చేతికి రెండు మూడు సార్లు మారేసరికి పళ్లెమంత అవుతుంది. తర్వాత గాల్లోకి లేస్తుంది. తిరుగుతూ పలచబడుతుంది, దీపం దాని లోంచి కనబడేంత పలచబడుతుంది. దిగేటప్పుడు మనిషి దాన్ని చూడడు. పక్కవాడితో మాట్లాడుతూనే మణికట్టు మీద అందుకుని బోర్లించిన కడాయి మీద పరుస్తాడు. మొత్తం ఇరవై సెకన్లు. ఆ ఇరవై సెకన్లలో కనబడుతున్నది పదేళ్ల పాటు ప్రతి సాయంత్రం అదే పని చేసిన చెయ్యి. ఇరానీ చాయ్ ఎత్తు నుంచి పోసే చెయ్యి అయినా, వేళ్లతో నోట్లు లెక్కపెట్టే సిటీ బస్సు కండక్టర్ చెయ్యి అయినా అంతే. మళ్లీ మళ్లీ చేయడం వల్ల వచ్చిన నేర్పు ఒక్కటే, మళ్లీ మళ్లీ చేయడాన్ని చూడదగ్గ వింతగా మారుస్తుంది. వైరల్ వీడియో నగరానికి చేసిన మేలు ఏదైనా ఉంటే, ఎవరూ తలెత్తి చూడని ఆ చేతుల వైపు కెమెరా తిప్పడమే.

మాదాపూర్, సింగ్‌నగర్

కెమెరా తిరిగాక ఏం జరుగుతుందో తెలుగు పాఠకులకు ఒక ఉదాహరణ బాగా గుర్తుంది. హైదరాబాద్ మాదాపూర్ ప్రాంతంలో రోడ్డు పక్కన మధ్యాహ్నం పూట అన్నం, కోడి కూర, బోటీ, లివర్ వడ్డించే ఒక మహిళ బండి ఏళ్ల తరబడి నడుస్తోంది. తిన్నవాళ్లకు లెక్క చెబుతూ, రెండు లివర్లకు అదనం అని ఆమె అన్న ఒక్క మాట వీడియోగా పాకింది. ఆ మాటకు పాటలు కట్టారు, సినిమా ప్రచారాలకు వాడుకున్నారు. యూట్యూబర్లు బారులు తీరారు. తినడానికి వచ్చినవాళ్లకంటే తీయడానికి వచ్చినవాళ్లు ఎక్కువయ్యారు. వాహనాలు ఆగిపోయాయి. 2024 జనవరి చివర్లో ట్రాఫిక్ పోలీసులు ఆ బండిని అక్కడ పెట్టనివ్వలేదు. మర్నాడే ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి జోక్యం చేసుకోవడంతో పాత చోటే మళ్లీ తెరుచుకుంది.

ఈ కథను చాలామంది ఒక మనిషి అదృష్టంగా చెప్పుకున్నారు. ఆ వీడియో నిజంగా చూపించింది వేరు. అద్దాల భవనాల మధ్య మధ్యాహ్నం ఒంటిగంటకు వేలమంది ఉద్యోగులు, డ్రైవర్లు, కాపలాదార్లు రోడ్డు మీద నిలబడి పళ్లెం చేత్తో పట్టుకుని తింటున్నారు. ఆ భవనాలు కట్టినప్పుడు వాళ్లు ఎక్కడ తింటారని ఎవరూ ఆలోచించలేదు. ఆ లోటును పొద్దున్నే లేచి వండుకొచ్చిన ఆడవాళ్లు, మగవాళ్లు తీరుస్తున్నారు. వీధి వ్యాపారులకు చోటు కేటాయించాలని, పట్టణ విక్రయ కమిటీలు వేయాలని 2014లోనే కేంద్ర చట్టం వచ్చింది. చట్టం ప్రకారం చోటు దొరకాల్సిన బండికి వీడియో వల్ల చోటు దొరికింది. పక్కనే ఉన్న, ఎవరూ వీడియో తీయని బండ్లకు ఏ ముఖ్యమంత్రీ రాడు. హక్కుగా అందాల్సినది లైకుల లెక్కతో అందడం మంచి పద్ధతి కాదు.

ఆ మహిళ వైపు నుంచి కూడా చూడాలి. వడ్డించే చెయ్యి ఖాళీ లేనప్పుడు ముఖం మీదికి పది కెమెరాలు వస్తే, ప్రతి మాటా రేపు ఎక్కడో ఎగతాళిగా తిరుగుతుందని తెలిస్తే, ఆ పని మునుపటి పనిలా ఉండదు. లూమియేర్ కార్ఖానా గేటు దాటిన కూలీలు మర్నాడు మామూలుగా పనిలోకి వెళ్లారు. ఇప్పుడు వీడియోలో పడ్డ మనిషికి మర్నాడు మామూలు రోజు దొరకదు. నిత్యజీవితాన్ని చూపించాలని వచ్చిన కెమెరా మొదట పోగొట్టేది దాన్నే.

కష్టకాలంలో వీడియోల పని మరో రకం. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి విజయవాడలోని సింగ్‌నగర్ ప్రాంతం నీట మునిగింది. మేడల మీద చిక్కుకున్న జనానికి డ్రోన్లతో ఆహార పొట్లాలు అందించారు. ఆ వీడియోలు దేశమంతా తిరిగాయి. పై నుంచి తీసినవి కాబట్టి వాటిలో ఊరు ఒక గోధుమ రంగు చెరువు, ఇళ్లు అందులో చుక్కలు. మేడల మీది మనుషులు కిందికి తీసిన వీడియోలు వేరు. మెట్ల మీద ఎన్నో మెట్టు దాకా నీళ్లు వచ్చాయో అవి చూపించాయి, తెలిసినవాళ్లకు కబురు చేరవేశాయి, సాయం రప్పించాయి. ఇలాంటి చోట ఫోను చేసిన మేలును ఎంత చెప్పినా తక్కువే.

అయితే నీళ్లు నిలిచిన చోట కరెంటు ఉండదు. కరెంటు లేని చోట ఫోను ఎన్నో గంటలు బతకదు. అందరికంటే లోతులో ఉన్న ఇంటి నుంచి వీడియో రాదు. అంతకు ముందు, 2020 అక్టోబరులో హైదరాబాద్ పాతబస్తీ వీధుల్లో వరద కార్లను ఈడ్చుకుపోయిన వీడియోలు చూసినవాళ్లకు ఆ ఉధృతి కళ్లకు కట్టింది. నీళ్లు తీశాక నెలల పాటు గోడలకు దిగిన చెమ్మ, పాడైన పుస్తకాలు, తడిసిన బియ్యం బస్తాలు, అప్పులు మాత్రం వీడియోల్లోకి రాలేదు. నగరానికి వరద మూడు రోజులు. అక్కడ ఉన్నవాళ్లకు ఏడాది. వైరల్ వీడియో మూడు రోజుల లెక్కనే ఎరుగును.

మూడు నిమిషాలు, వెయ్యి ముఖాలు

న్యూయార్క్‌లోని టైమ్స్ స్క్వేర్‌లో 2012 నుంచి ఒక ఆనవాయితీ నడుస్తోంది. రోజూ రాత్రి 11 గంటల 57 నిమిషాల నుంచి 12 దాకా, అక్కడి పెద్ద తెరలు చాలా ప్రకటనలు ఆపేసి ఒకే కళాకారుడి వీడియో చిత్రాన్ని కలిసి చూపిస్తాయి. ఇప్పుడు అందులో 90కి పైగా తెరలు పాలుపంచుకుంటున్నాయి. ఏడాది పొడుగునా ఇలా చేయడం మెచ్చుకోదగ్గ పని. రోజుకు 1440 నిమిషాలు. కళకు దక్కింది మూడు. మిగిలిన 1437 నిమిషాలు ఎవరివో ఆ నిష్పత్తే చెబుతుంది. మన ఊళ్లలో ఆ మూడు నిమిషాలు కూడా లేవు. కూడళ్లలో తెరలు పెరుగుతున్న కొద్దీ నగలు, ఫ్లాట్లు, కోచింగ్ కేంద్రాలు, నాయకుల పుట్టినరోజులు వాటిని నింపుతున్నాయి. ఆ కూడలి దాటే మనిషి ముఖం ఆ తెర మీద ఎప్పుడూ రాదు.

అది రావచ్చని చికాగో చూపించింది. 2004లో అక్కడి మిలీనియం పార్కులో స్పెయిన్‌కు చెందిన జౌమె ప్లెన్సా రూపొందించిన క్రౌన్ ఫౌంటెన్ మొదలైంది. గాజు ఇటుకలతో కట్టిన 50 అడుగుల బురుజులు రెండు, ఎదురెదురుగా ఉంటాయి. మధ్యలో పలచగా నీళ్లు పారే నల్లరాతి నేల. బురుజుల లోపలి దీపాలతో వాటి మీద ముఖాలు కనబడతాయి. సినిమా తారలవి కావు, చికాగో నగరంలో ఉండే దాదాపు వెయ్యిమంది మామూలు మనుషులవి. రకరకాల వయసులు, రకరకాల రంగులు. ఒక్కొక్కరినీ కుర్చీలో కూర్చోబెట్టి చిత్రీకరించారు. ఏ ముఖం తర్వాత ఏ ముఖం రావాలో కంప్యూటర్ తీస్తుంది.

ముఖం వచ్చాక చాలాసేపు ఏమీ జరగదు. అది మాట్లాడదు. కళ్లు చాలా నెమ్మదిగా ఆర్పుతుంది, పెదవి కొద్దిగా కదులుతుంది, అంతే. ఫోన్లో అయితే రెండో సెకనుకే వేలు పైకి తోసేస్తుంది. పార్కులో నిలబడ్డవాళ్లు మాత్రం చూస్తూ ఉండిపోతారు. అయిదంతస్తుల ఎత్తున ఒక పరాయి మనిషి ముడతలు, కనుబొమల మధ్య మచ్చ, ఆపుకుంటున్న నవ్వు చూడడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు, ఎవరికీ ఇబ్బంది లేదు. అలా కూర్చుని చిత్రీకరణకు ఒప్పుకున్న మనిషి ముఖం అది. దొంగచాటుగా తీసింది కాదు, పేరు పెట్టి ఎగతాళి చేయడానికి తీసింది కాదు. చివరికి ఆ పెదవులు గుండ్రంగా ముడుచుకుంటాయి. వేసవి అయితే నోట్లోంచి నిజం నీళ్లు ధారగా వచ్చి కింద పడతాయి.

ఆ ధార ఎప్పుడు పడుతుందో పిల్లలకు బాగా తెలుసు. పెదవి ముడుచుకోవడం చూడగానే అరుస్తూ ఆ బురుజు కిందికి పరుగెత్తుతారు. చెప్పులు ఒడ్డున, తువ్వాలు తల్లి భుజం మీద. ఇరవై ఏళ్లకు పైగా వేసవుల్లో ఇది ఇలాగే జరుగుతోంది. ఆ రోజుల్లో కుర్చీలో కూర్చుని కెమెరాకు ముఖమిచ్చిన చిన్నవాళ్లు ఇప్పుడు పెద్దవాళ్లయ్యారు. బురుజు మీద వాళ్లు ఇంకా చిన్నవాళ్లే. కింద తడుస్తున్నది వేరే పిల్లలు.